ఏడు ఫిల్టర్ల వెనక కాసులమ్మ

కొత్త కెమెరాకి మా ఆఫీసులో జరిగిన మొదటి మర్యాద, దాని కంట్లో కుంకుమ పెట్టడం.

ఆ రోజు శుక్రవారం, పైగా దశమి. జిల్లాలో ఎవరికి ఏ సర్కారు కార్డు కావాలన్నా ముందు మా ముఖ నమోదు కార్యాలయానికి వచ్చి ఫోటో దిగాలి. ఆ ఫోటో కార్డు మీద పడితేనే మనిషి మనిషి కింద లెక్క. అక్కడ ఫోటోలు తీసేవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు పట్టాభి. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి, జిల్లాలో సగం మందిని "గడ్డం పైకెత్తండి" అని ఆజ్ఞాపించిన ఘనత నాది.

పూజ చెయ్యకుండా కొత్త వస్తువుని వాడడం మా ఉపసంచాలకులు విశ్వంభరంగారికి సుతరామూ గిట్టదు. బీరువాకి చేశారు, జెరాక్సు మిషనుకి చేశారు, ఆఖరికి గోడ గడియారాన్ని కిందికి దింపి మరీ చేశారు. కెమెరాని కూడా బల్ల మీద పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. అంతా నల్లటి డబ్బా. మొహంలాంటిది ఏదైనా ఉంటే ముందున్న ఆ గుండ్రటి అద్దమే. "సార్, అది..." అని నేను నోరు తెరిచేలోపు ఉంగరపు వేలితో గంధం, గంధం మీద కుంకుమ, సరిగ్గా లెన్సు నడిమధ్యన దిద్దేశారు.

"శుభం," అన్నారు.

మొదటి ఫోటో తనదే తియ్యమన్నారు. తీశాను. ఆయన ఉండాల్సిన చోట ఎర్రటి మబ్బు పడింది. స్టోర్‌కీపరు నూకరాజు సాయం చెయ్యబోయి, బల్లలు తుడిచే గుడ్డ తెచ్చి లెన్సుని గట్టిగా రుద్దాడు. గంధం పోయింది. గుడ్డలో ఇసకరేణువు ఏదో ఉన్నట్టుంది, అద్దం మీద వెంట్రుకంత గీత మిగిలింది.

ఆ గీత చూసి విశ్వంభరంగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన సంగతి తెలిసినవాళ్లకి ఇది వింత కాదు. ఆయన కారు కొని తొమ్మిదేళ్లయింది, సీట్ల మీద షాపువాళ్లు వేసిన ప్లాస్టిక్కు కవరు ఇంకా ఉంది. ఎండాకాలం అందులో కూర్చుని లేస్తే చొక్కా ఊడి వచ్చినంత పనవుతుంది. ఇంట్లో సోఫాకి కవరు, కవరు మాయకుండా దాని మీద దుప్పటి. ఒకసారి వాళ్లావిడ కాఫీ ఇస్తూ, "మా సోఫా నీలం రంగని అంటారండి, నేను చూళ్లేదు," అంది. దోషమంతా ఆయన ఒక్కరిదే అనను. మా ఇంట్లో టీవీ రిమోటు కూడా కవర్లోనే ఉంది, ఏ బొత్తాం ఏదో ఇప్పటికీ అలవాటు కొద్దీ నొక్కుతాను. కాకపోతే నేను దానికోసం ఉత్తర్వు జారీ చెయ్యలేదు.

ఆయన చేశారు. "కటకము ప్రభుత్వ ఆస్తి అయినందున, సదరు ఆస్తికి ముందుభాగమున సంరక్షక ఫలకము లేనిదే ఏ ఒక్క ముఖమును చిత్రీకరించరాదు."

సంరక్షక ఫలకము అంటే మరేం లేదు, లెన్సుకి ముందు మర తిప్పి బిగించే గాజుబిళ్ల. కెమెరా షాపుల్లో ఫిల్టరంటారు. నిజం చెప్పొద్దూ, మంచి ఫిల్టరు ఒకటి పెడితే ఫోటోకి పెద్దగా వచ్చే నష్టమేం లేదు. ఎదురుగా ట్యూబులైటు ఉంటే ఫోటోలో ఎక్కడో దాని నీడలా ఇంకో ట్యూబులైటు పుడుతుంది, అంతే. ఆ మాటే ఆయనతో చెప్పాను. చౌకరకం వద్దనీ, ఒకటికి మించి వద్దనీ కూడా చెప్పాను. చెప్పినదాంట్లో "పెద్దగా నష్టం లేదు" అన్న ముక్కని మాత్రం ఆయన ఫైల్లో రాసుకున్నారు.

ఫిల్టరు వచ్చింది. అది కొత్త వస్తువు కదా. మళ్లీ కొబ్బరికాయ, మళ్లీ గంధం, మళ్లీ బొట్టు. "చూశావటయ్యా పట్టాభీ, లెన్సు మీద ఒక్క చుక్క పడలేదు," అని విశ్వంభరంగారు ఎంతో సంతోషపడ్డారు. నేను దూదితో తుడిచాను. తుడిచినంతవరకు పోయింది.

తరవాత నూకరాజు స్టాకు నంబరు వెయ్యడానికి తెల్ల పెయింటు, సన్నపు కుంచె పట్టుకుని వచ్చాడు. మా ఆఫీసులో కుర్చీకైనా, చెత్తబుట్టకైనా నంబరు లేకపోతే అది లేనట్టే. ఫిల్టరు అంచు చూస్తే గోరంత లేదు. నంబరు చూస్తే మూరెడు.

"గాజు మీద వేస్తావేంట్రా బాబూ," అన్నాను.

"మరెక్కడెయ్యమంటారండి? తనిఖీకొచ్చినోళ్లు నంబరేదంటే నన్నడుగుతారు గాని మిమ్మల్నడగరు గదండి," అన్నాడు. కుంచె గాజుకి ఆనించి కాస్త ఆలోచించాడు. "నడిమధ్యనెయ్యన్లెండి. మొహాలు పాడవుతాయి. ఓ పక్కకేస్తాను."

నూకరాజు మనసు మంచిది.

నెల తిరక్కుండా విశ్వంభరంగారు నన్ను గదిలోకి పిలిచారు.

"సదరు ఫలకము ప్రభుత్వ ఆస్తియా, కాదా?"

"ఆస్తేనండి."

"ఆస్తికి ముందు సంరక్షక ఫలకము ఉండవలెనని ఉత్తర్వులో ఉన్నదా, లేదా?"

"ఉందండి."

"మరి ఈ ఫలకమునకు ముందు ఏమున్నది?"

ఏమీ లేదని ఒప్పుకున్నాను. రెండో ఫిల్టరు వచ్చింది. దానికీ బొట్టు పెట్టారు, నూకరాజు దానికి రెండో పక్కన నంబరు వేశాడు. "మరి ఈ రెండోదాని ముందో సార్?" అని ఉండబట్టలేక అడిగాను. ఆయనకి కోపం రాలేదు. నేనూ దారిలో పడుతున్నానని అనుకున్నారు. "దశలవారీగా చేపట్టెదము," అన్నారు.

చేపట్టారు. మూడోది దుమ్ముకని, నాలుగోది వానాకాలానికని, మిగతావి బడ్జెట్టు మురిగిపోతుందని. వానలు వెలిసేసరికి కెమెరాకి ఏడు ఫిల్టర్లు, గొట్టంలా ముందుకి పొడుచుకొచ్చాయి. ఎవరూ విప్పకుండా మొత్తానికి లక్క సీలు కూడా వేశారు. ఫోటోలో చుట్టూ నలుపు, నడుమ పొగమంచు, ఆ మంచులో మనిషి. నూతిలోంచి పైకి చూస్తున్నట్టు ఉండేవాళ్లు జనం. మొగుళ్లు పెళ్లాల కార్డులు పట్టుకుపోయారు. ఒకాయన తన కార్డు చూసుకుని, పోయిన వాళ్ల నాన్న అనుకుని కళ్లకద్దుకున్నాడు.

*

కాసులమ్మ మొదటిసారి వచ్చింది అప్పుడే.

అరవై ఆరేళ్ల మనిషి. విస్తరాకులు కుట్టి ఓ మెస్సుకి వేస్తుంది. చంకలో సంచీ, సంచీలో ఆకులు, పుల్లలు, పుల్లలు చీల్చే చిన్న చాకు. వరండాలో బల్ల మీద ఖాళీగా కూర్చోవడం చేతకాక ఆకు తీసి కుట్టడం మొదలెట్టింది. చూస్తే పుల్ల ఆకులో దిగడం లేదు, వేల్లో దిగుతోంది.

"రెండు కళ్లలోనూ పొరొచ్చేసింది ఫోటో బాబూ," అంది. "మొన్న మెస్సాయన కట్టకి కట్టా తిరగ్గొట్టేశాడు. ఇస్తట్లో పుల్లూడి ఎవరికో పంటికింద పడిందంట. పంటికింద పడింది గాబట్టి సరిపోయింది. గొంతులో దిగితే ఆ పాపమెవరిది? ఆపరేసను ఊరికే సేత్తారంట, కార్డు మటుకు కావాలన్నారు."

కంటి ఆసుపత్రి కార్డు కోసం ఫోటో తీశాను. మా రిజిస్టర్లో ఆవిడ గుర్తింపు కింద 'ఎడమ బుగ్గమీద మిరియపుగింజంత పుట్టుమచ్చ' అని రాసుకున్నాం. మచ్చ అంత ఉంది మరి. కానీ ఫోటోలో ఆ బుగ్గ ఉండాల్సిన చోట మూడో ఫిల్టరు స్టాకు నంబరు ఉంది.

వారం రోజులకి తిరిగొచ్చింది.

"మచ్చున్న కాసులమ్మ అక్కర్లేదంట బాబూ. కార్డులో ఉన్న మచ్చలేని కాసులమ్మని తీసుకురమ్మన్నారు. ఎక్కడని తెచ్చేది?"

ఆవిణ్ణి విశ్వంభరంగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కార్డు చూశారు, ఆవిణ్ణి చూశారు. తప్పు ఎక్కడుందో ఆయనకి ఇట్టే అర్థమైపోయింది.

"కార్డు ప్రభుత్వ ముద్రతో జారీ అయినది. అందు మచ్చ లేదు. కావున ఈమె ముఖమున ఉన్నది అనధికార మచ్చ."

"పుట్టినప్పట్నించీ ఉందండి," అంది కాసులమ్మ.

"పుట్టినప్పుడు అనుమతి తీసుకొన్నట్లు ఆధారము ఉన్నదా?"

కాసులమ్మ తన బుగ్గని తడుముకుంది. అంతమాట అన్నాక, మచ్చ ఇంకా అక్కడ ఉందో లేదో ఆవిడకే అనుమానం వచ్చినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక లక్క సీలు పగలగొట్టి, ఏడు ఫిల్టర్లూ విప్పి, కాసులమ్మని మళ్లీ ఫోటో తీశాను. మచ్చ వచ్చింది. మచ్చ మీద వెంట్రుక కూడా వచ్చింది. రెండు ఫోటోలూ పక్కపక్కన అంటించి, 'ఫిల్టర్ల వల్ల బొమ్మ పాడవుతోంది, చిత్తగించవలెను' అని అర్జీ పెట్టాను.

చిత్తగించారు. అనుమతి లేకుండా సీలు విప్పినందుకు నాకు మెమో ఇచ్చారు. ఫిల్టర్లు మళ్లీ బిగించి ఈసారి రెండు సీళ్లు వేశారు. బొమ్మ పాడవుతోందో లేదో తేల్చడానికి చిత్రనాణ్యతా నిర్ధారణ సంఘాన్ని వేశారు.

*

సంఘం అధ్యక్షులు దశరథరామంగారు. వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. సభ్యులు మరో ఇద్దరున్నారు గాని వాళ్లు టీ వచ్చినప్పుడు తప్ప నోరు విప్పలేదు.

"నాణ్యత అనునది సాపేక్షము," అని మొదలెట్టారు దశరథరామంగారు. "ఫోటోగ్రాఫరు ఇందులో ఫిర్యాదుదారు, కనుక ఆయన కన్ను పనికిరాదు. కార్యాలయము ప్రతివాది, కనుక మీ కళ్లు పనికిరావు. మేము న్యాయనిర్ణేతలము, మా కళ్లు వాడుట మర్యాద కాదు. ఏ పక్షమునకు చెందని సామాన్యపౌరుని కన్ను కావలెను."

సామాన్యపౌరులు ఆ పూట వరండాలో ఒక్కరే ఉన్నారు. కార్డు సంగతి తేలుతుందేమోనని వచ్చి కూర్చున్న కాసులమ్మ.

ఆవిణ్ణి లోపలికి పిలిచి, కుర్చీ వేసి, రెండు ఫోటోలూ చేతికిచ్చారు. ఆవిడ రెంటినీ ముక్కుకి ఆనించి చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"తేడా ఏమైనా కనిపించుచున్నదా అమ్మా?"

"రెండూ ఒకటేనండి బాబూ."

"ఇందులో నీ స్వరూపమునకు దగ్గరగా ఉన్నది ఏది?"

కాసులమ్మ ఏడు ఫిల్టర్ల ఫోటో పైకెత్తింది. "ఇదేనండి. మా ఇంట్లో అద్దంలో అచ్చం ఇలాగే ఉంటాను."

విశ్వంభరంగారు కుర్చీలో వెనక్కి వాలారు. నేను లేచాను. "అయ్యా, ఆవిడ కళ్లలో శుక్లాలున్నాయండి. ఆవిడకి లోకమంతా ఇలాగే కనిపిస్తుంది."

"శుక్లము ఉన్నట్లు వైద్యుని ధ్రువపత్రము ఉన్నదా?" అన్నారు దశరథరామంగారు.

"ఆసుపత్రివాళ్లు కళ్లు చూడలేదండి. కార్డులో మొహం కలవలేదని పంపేశారు."

"అంటే లేదు."

"లేదండి."

"ధ్రువపత్రము లేనప్పుడు నేత్రములు ఆరోగ్యముగా ఉన్నట్లే భావించవలెను."

నివేదిక ముప్ఫై పేజీలు వచ్చింది. సారాంశం ఒక్క వాక్యం: "ఫలకముల వలన చిత్రనాణ్యతకు ఎట్టి నష్టము లేకపోగా, చిత్రము వాస్తవమునకు మరింత చేరువ అగుచున్నదని లబ్ధిదారు స్వయముగా ధ్రువీకరించినారు." దాని కింద కాసులమ్మ వేలిముద్ర.

ఆవిడకి తను ఏం చేసిందో తెలియదు. బయటికొస్తూ, "అందరూ మర్యాదగా మాటాడేరు బాబూ, పనైపోద్దా?" అని అడిగింది. అవుతుందన్నాను.

*

నివేదిక రాజధానికి వెళ్లింది. అక్కడ ఎవరికో నచ్చింది. మా ఆఫీసు మిగతా జిల్లాలకి ఆదర్శమన్నారు. ఇక విశ్వంభరంగారికి పట్టపగ్గాలు లేవు.

కార్డులో మొహాలు కలవడం లేదని ఆసుపత్రుల నుంచీ, రేషను షాపుల నుంచీ వస్తున్న ఫిర్యాదులకి ఆయనే పరిష్కారం కనిపెట్టారు. "లోపము చిత్రమున లేదు, చూచువాని కంటిలో ఉన్నది. చిత్రము ఏడు ఫలకముల గుండా తీయబడినది. చూచువాడు ఒట్టి కంటితో చూచుచున్నాడు. ఇక పోలిక ఎట్లు కుదురును?" అన్నారు. ప్రతి ఆఫీసుకీ ఏడేసి ఫిల్టర్లు బిగించిన గొట్టం ఒకటి పంపించారు. మనిషిని ఎదురుగా నిలబెట్టి, ఆ గొట్టంలోంచి చూసి, కార్డుతో పోల్చుకోవాలి. రేషను షాపు డీలర్లు ఒక కన్ను మూసి, నావికుల్లా గొట్టం ఎత్తి, ఎదురుగా నిలబడ్డ పక్కింటి మనిషి ఎవరో గుర్తుపట్టే పనిలో పడ్డారు. చెప్పుకోవాలి గాని, పోలికలు కలిశాయి. అందరూ అందరితోనూ కలిశారు.

కాసులమ్మ కార్డు కూడా చెల్లింది. ఆపరేషనుకి తారీఖు కూడా వేశారు. ఆ రోజే అనుకున్నాను, ఇంత తేలిగ్గా అవుతుందా అని.

విశ్వంభరంగారు ఆసుపత్రికి లేఖ రాశారు. కాసులమ్మ నేత్రద్వయము ఈ రాష్ట్రమున చిత్రనాణ్యతను ధ్రువీకరించిన ఏకైక ప్రమాణము. అందు ఎట్టి మార్పు చేసినను ప్రమాణమే మారిపోవును. కావున ఆపరేషను నిలుపుదల చేయవలెను. దానితోపాటు కాసులమ్మని 'ప్రామాణిక వీక్షకురాలు'గా ప్రకటించి, ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చి కొత్త ఫోటోలు చూసి వేలిముద్ర వెయ్యాలన్నారు. వచ్చినప్పుడల్లా ఒక శాలువా.

రెండు శాలువాలయ్యాక ఆవిడ నన్ను వరండాలో పట్టుకుంది. చేతివేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది.

"శాలువాలేం జేసుకోను బాబూ, ఎండాకాలంలో. మెస్సాయన పేపరు పళ్లేలు తెప్పించుకుంటానంటన్నాడు. ఈ పని పోతే నాకు మరోటి రాదు. మీరందరూ నా కళ్లు బాగున్నాయంటన్నారు. ఎవరికి బాగున్నాయి?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాయను గాని, మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఫైలు తెరిచాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది ఒకటే, ఆఫీసుకి మనిషి భాషలో చెబితే వినపడదు. దాని భాషలోనే రాశాను. 'విషయం: ప్రామాణిక నేత్రములు, వార్షిక సర్వీసింగు గురించి. కార్యాలయమునకు చెందిన ప్రమాణ పరికరములను ఏడాదికొకసారి శుభ్రపరచి, సంరక్షించి, తిరిగి వినియోగములోనికి తేవలెనని నిబంధన. సదరు నేత్రములకు అరువది ఆరు సంవత్సరములుగా సర్వీసింగు జరగలేదు.'

విశ్వంభరంగారు చదివి కంగారుపడ్డారు. "అరవై ఆరేళ్లా! ఇంత నిర్లక్ష్యమా?" అంటూ సంతకం పెట్టారు. పెట్టాక కలం ఆపి అడిగారు. "పట్టాభీ, సర్వీసింగు అయిన తరువాత వాటికి సంరక్షణ ఏర్పాటు ఉండునా?"

"నల్లకళ్లద్దాలిస్తారండి."

"ఫలకములు. చాలా మంచిది," అన్నారు.

అలా కాసులమ్మ ఎడమ కంటికి ఆపరేషను అయింది. కుడికంటికి మరో ఆరునెలలాగి, కొత్త ఫోటోతో కొత్త కార్డు తీసుకుని రమ్మన్నారు.

*

ఆదర్శ కార్యాలయానికి బహుమతి ఇవ్వడానికి రాజధాని నుంచి కమిషనర్ మేడం వచ్చారు. మామిడితోరణాలు, మైకు, ఎదురుగా సిబ్బంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని కాసులమ్మ ముందువరసలో కూర్చుంది. ప్రామాణిక వీక్షకురాలు మేడం సమక్షంలో ఫోటోని ధ్రువీకరించడం కార్యక్రమంలో నాలుగో అంశం.

విశ్వంభరంగారు ఆవిడ సొంత కార్డే పెద్దది చేయించి చేతికిచ్చారు. కాసులమ్మ నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని చూసింది.

"ఇదెవరండి బాబూ?"

మైకులో అందరికీ వినపడింది.

"జాగ్రత్తగా చూడమ్మా," అన్నారు విశ్వంభరంగారు.

"సూత్తన్నానండి. ఎవరోనండి పాపం, జలుబు చేసి ఆవిరి పట్టుకుంటన్నట్టుంది."

ఫిల్టర్లు విప్పి తీసిన ఆ రెండో ఫోటో కాపీ నా జేబులో ఎప్పట్నించో ఉంది. తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుంది. బొటనవేలితో మచ్చ మీద రాసింది. "ఇది నేను," అంది. తరవాత నెమ్మదిగా, "ఇంత ముసల్దాన్నయిపోయేనా బాబూ? ఎవరూ చెప్పలేదే," అంది.

కమిషనర్ మేడం రెండు ఫోటోలూ తీసుకుని మార్చి మార్చి చూశారు. "ఫిల్టర్లు విప్పండి," అన్నారు.

అవి వచ్చేలా లేవు. లోపల చిక్కిన వానాకాలపు చెమ్మకి మరలు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నూకరాజు పానా తెచ్చి, కెమెరాని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పళ్లు బిగబట్టి తిప్పాడు. ఏడూ ఒక్క ముద్దగా ఊడొచ్చాయి. అందరం లోపలికి తొంగి చూశాం. గాలీ వెలుతురూ తగలక లెన్సు నిండా బూజు పట్టింది. తెల్లగా, సన్నటి వేళ్లలాగా, అంచు నుంచి నడిమధ్య వరకు పాకింది. దాని అడుగున నూకరాజు రుద్దిన గీత, వెంట్రుకంతది, చెక్కుచెదరకుండా ఉంది.

కాసులమ్మ వంగి తన కొత్త కంటితో దాన్ని పరీక్షగా చూసి, విశ్వంభరంగారి వైపు జాలిగా తిరిగింది.

"దీనికీ నాకొచ్చినట్టే పొరొచ్చింది బాబూ. ఆపరేసను చేయించాలి. దీనికి కార్డుందా?"

*

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. మేడం వెళ్లిపోతూ కొత్త కెమెరా మంజూరు చేసి, జరిగినదాని మీద నివేదిక పంపమన్నారు. ఆ నివేదిక రాసింది విశ్వంభరంగారే. ఏడు ఫలకములు ఉన్నను కటకము చెడినది అనగా సంరక్షణ చాలలేదని అర్థము. సంరక్షణ ఎక్కడ చాలలేదని విచారించగా, కెమెరాను పెట్టెలోనుండి విప్పుటయే సమస్త నష్టములకు మూలమని తేలినది.

కొత్త కెమెరా వచ్చింది. అట్టపెట్టెతో సహా బల్ల మీద పెట్టి పూజ చేశారు. అట్ట మీదే గంధం, అట్ట మీదే కుంకుమ. నూకరాజుకి నంబరు వెయ్యడానికి కావలసినంత చోటు దొరికింది. ఆ పైన పెట్టెకి ప్లాస్టిక్కు కవరు తొడిగి, సంరక్షణ విధానం ఖరారయ్యేవరకు ఫోటోలు నిలిపివేయడమైనదని బోర్డు పెట్టారు. పాత కెమెరా మరమ్మతుకి పంపాల్సిన వస్తువుల్లో ఉంది. రోజూ నలభై, యాభై మంది వచ్చి బోర్డు చదువుకుని వెళ్లేవాళ్లు. నేను జీతం తీసుకుంటూ పెట్టె మీద దుమ్ము దులిపేవాణ్ణి.

ఆరునెలలయ్యాయి. కాసులమ్మ కుడికంటి కోసం వచ్చింది. వరసగా మూడు రోజులు వచ్చి వరండాలో కూర్చుంది. ఇప్పుడు పుల్ల వేల్లో కాదు, ఆకులోనే దిగుతోంది. మెస్సాయన మళ్లీ విస్తళ్లే తీసుకుంటున్నాడు. కానీ ఒంటికంటితో గంటసేపు కుట్టేసరికి తల పోటు వస్తోందని, కళ్లు మూసుకుని గోడకి ఆనుకునేది. నాలుగో రోజు, అంటే గురువారం, సంచీ పట్టుకుని తిన్నగా లోపలికొచ్చేసింది. పెట్టె దగ్గర విశ్వంభరంగారు కవరు ముడతలు సరిచేస్తున్నారు.

"కుడికంటికి పేర్లు రాసుకునేది ఇయ్యాలే ఆఖరంట బాబూ. ఇయ్యాల దాటితే మళ్లీ ఏడాదికంట. ఆ పెట్టె ఇప్పరా?"

"విప్పిన పాడగును అమ్మా."

"ఇప్పకపోతే నా కన్ను పాడవుద్ది గదండి."

"నీ ఆవేదనను విధానములో పొందుపరిచెదము. అంతవరకు..."

కాసులమ్మ ఆయన మాట పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగింది. ఆనక సంచీలోంచి పుల్లలు చీల్చే చాకు తీసి, కవరు మీద ఒక గాటు, అట్ట మీద ఒక గాటు పెట్టింది. కుట్టేటప్పుడు ఆకు చించుతుందే, అంతే తేలిగ్గా పెట్టె నోరు తెరిచింది. చాకు సంచీలో పెట్టుకుని, కెమెరాని రెండు చేతులా ఎత్తి నా చేతికిచ్చింది. బొట్టు లేదు, నంబరు లేదు, ముందు ఏ గాజుబిళ్లా లేదు. తరవాత వెళ్లి తెల్లగోడకి ఆనుకుని నిలబడి, నేను చెప్పకుండానే గడ్డం పైకెత్తింది.

నేను తీసేశాను.

ఆ సాయంత్రంలోగా ఆవిడ పేరు ఆసుపత్రి జాబితాలో పడింది. మర్నాడు నా బల్ల మీద మెమో పడింది, ఇది ఏడోది. పెట్టె విప్పిన సమయంలో అక్కడ ఎవరెవరు ఉన్నారో, ఎవరేం చేస్తున్నారో స్పష్టంగా తెలియజేయాలన్నారు.

జవాబు రాయాల్సిన అవసరం లేకపోయింది. ఆ ఫోటోనే జతచేశాను. కాసులమ్మ ఉంది, బుగ్గమీద మచ్చ ఉంది, మచ్చ మీద వెంట్రుక ఉంది. ఆవిడ భుజం పక్కన చిరిగిన ప్లాస్టిక్కు కవరు గుండెలకి హత్తుకుని, నోరు తెరిచి విశ్వంభరంగారు ఉన్నారు. ఆయన కూడా చాలా స్పష్టంగా వచ్చారు.